వస్తువు ఎక్కువ కాలం మన్నేలా వ్యాపార ఒప్పందం రాసుకోవడం ఎలా: దశలవారీ సమగ్ర మార్గదర్శి

కొనుగోలు విభాగాల్లో పనిచేసేవారు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. తాము కొనే పరికరాలు ఎక్కువ కాలం మన్నాలని, విప్పి బాగుచేసుకునేలా ఉండాలని, పనికాలం ముగిశాక తయారీదారే వెనక్కి తీసుకోవాలని ఒప్పందంలో ఎలా రాయాలి? సాధారణంగా కనిపించే వాక్యం ఇది: "సరఫరాదారు మన్నికైన, పర్యావరణహితమైన ఉత్పత్తులను అందించేందుకు శాయశక్తులా కృషి చేయవలెను." ఇలాంటి వాక్యం వల్ల ఒక్క స్క్రూ మారడం కూడా నేను చూడలేదు.

కింది మెట్లన్నిటి వెనుక ఉన్న లెక్క ఒకటే. వస్తువు పాడైనప్పుడు ఖర్చు ఎవరి మీద పడుతుందో, డిజైన్ మార్చాలన్న తొందర వారికే ఉంటుంది. డిజైన్ చేసేవారు ఒకరై, పాడైతే భరించేవారు మరొకరైనంత కాలం బ్యాటరీని జిగురుతో అతికించడమే తయారీదారుకు లాభం. ఆ ఖర్చును డిజైన్ చేసేవారి దాకా చేర్చడమే ఒప్పందం చేయవలసిన పని.

వివరణ సులభంగా ఉండేందుకు గోదాముల్లో సిబ్బంది చేతపట్టుకుని వాడే బార్‌కోడ్ స్కానర్లను ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఇదే పద్ధతి పంపులకు, కుర్చీలకు, ప్రింటర్లకు కూడా వర్తిస్తుంది. ఏ దేశ చట్టం కింద ఒప్పందం కుదుర్చుకుంటున్నారో అక్కడి న్యాయవాదికి ముసాయిదా చూపించడం మాత్రం తప్పనిసరి.

1. రాయడానికి ముందు: పాత పరికరాలు ఎలా పోయాయో తెలుసుకోండి

ముసాయిదా తెరిచే ముందు మరమ్మతుల రిజిస్టరు తెరవండి. గత విడతలో కొన్న పరికరాల్లో ఏ భాగం ముందుగా పోయింది, దాన్ని మార్చగలిగారా, మార్చలేకపోతే అడ్డం వచ్చింది ఏమిటి అన్నవి అక్కడే తెలుస్తాయి. స్కానర్ల విషయంలో వరుస సాధారణంగా ఇలా ఉంటుంది: ముందు బ్యాటరీ, తర్వాత ట్రిగ్గర్ బటన్, ఆ పైన చార్జింగ్ కాంటాక్టులు, స్క్రీన్. ఈ నాలుగూ బాగానే ఉన్నా, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఆగిపోయిన రోజున పరికరం మూలన పడుతుంది.

ఈ జాబితాయే మీ ఒప్పందానికి వెన్నెముక. దాన్ని కొనుగోలు విభాగం ఒంటరిగా తయారుచేస్తే ఊహలతో నిండిపోతుంది కాబట్టి, మరమ్మతు చేసే టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి.

తర్వాత మీ బలమెంతో చూసుకోండి. పరికరం మీ కోసమే తయారవుతుంటే డిజైన్ మార్చమని అడగవచ్చు. మార్కెట్లో ఉన్న మోడల్‌ను కొంటుంటే డిజైన్ మారదు, కానీ మోడళ్ల మధ్య ఎంపిక, విడిభాగాల హామీ, వెనక్కి తీసుకునే షరతు మీ చేతిలోనే ఉంటాయి. చిన్న కొనుగోలుదారులు కలిసి ఒకే షరతులు అడిగితే బలం పెరుగుతుంది. అయితే పోటీదారులు కలిసి కూర్చున్నప్పుడు ధరలు, కొనుగోలు పరిమాణాల ఊసు రాకూడదు. యూరోపియన్ కమిషన్ 2023లో విడుదల చేసిన పోటీ చట్ట మార్గదర్శకాల్లో సుస్థిరత ఒప్పందాలకు ప్రత్యేక అధ్యాయమే ఉంది.

చివరిగా ఇంటి లోపలి సంగతి. కొనుగోలు అధికారి పనితీరును ఆయన సాధించిన డిస్కౌంటుతో మాత్రమే కొలుస్తున్నంత కాలం ఈ వ్యాసంలోని ఏ క్లాజూ బేరసారాల్లో నిలవదు. ఆ కొలమానాన్ని ముందు మార్పించండి.

2. ఒప్పందం రూపాన్ని ఎంచుకోండి

ప్రధానంగా నాలుగు దారులున్నాయి.

- షరతులతో కూడిన అమ్మకం. యాజమాన్యం మీదే. మన్నిక, విడిభాగాలు, సాఫ్ట్‌వేర్ హామీలను విడిగా రాసుకోవాలి.
- తిరిగి కొనుగోలుతో అమ్మకం. ఏ ఏడాది ఎంత ధరకు వెనక్కి తీసుకుంటారో సంతకం రోజునే తేల్చుకుంటారు.
- లీజు. యాజమాన్యం సరఫరాదారుది, వాడకం మీది.
- వాడకం లెక్కన చెల్లింపు. పరికరానికి కాకుండా అది చేసిన పనికి డబ్బిస్తారు.

డిజైన్ మీద అన్నిటికంటే ఎక్కువ ఒత్తిడి తెచ్చేది నాలుగోది. ఎగిరిన గంటల లెక్కన విమాన ఇంజిన్లకు చెల్లించే పద్ధతిలో ఇంజిన్ షెడ్డులో ఉన్నంత సేపు తయారీదారుకు ఆదాయం రాదు. ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరి స్కిపోల్ విమానాశ్రయం దీపాలను కొనకుండా వెలుతురును సేవగా తీసుకున్నప్పుడు, దీపాలు ఫిలిప్స్ ఆస్తిగానే ఉన్నాయి. భాగాలను విడిగా మార్చుకోగలిగేలా ఆ దీపాలను రూపొందించారు.

లీజు అని పేరు పెట్టినంత మాత్రాన మన్నిక వచ్చేయదు. మూడేళ్ల లీజు ముగియగానే పరికరాలన్నీ తుక్కుకు పోతే అది వాయిదాల మీద అమ్మకమే. లీజుకిచ్చేది ఫైనాన్స్ కంపెనీ అయినప్పుడు ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే డిజైన్ మీద దానికి ఏ పట్టూ ఉండదు. లీజు ఎంచుకుంటే వెనక్కి వెళ్లిన పరికరానికి రెండో వాడకం ఏమిటో ఒప్పందంలోనే రాయించండి. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ 16 ప్రకారం 2019 నుంచి చాలా లీజులను వాడకందారు బ్యాలెన్స్ షీటులో చూపాలి కాబట్టి, ఫైనాన్స్ విభాగాన్ని ఈ దశలోనే పిలవండి.

3. నిర్వచనాలు ముందు తేల్చుకోండి

వివాదాల్లో ఎక్కువ భాగం నిర్వచనాల దగ్గరే పుడతాయి. కనీసం నాలుగు మాటలకు కొలవదగ్గ అర్థం ఇవ్వండి.

"ఆయుష్షు" అంటే ఏళ్లా, పనిగంటలా, స్కాన్‌ల సంఖ్యా? "వైఫల్యం" అంటే పూర్తిగా ఆగిపోవడమేనా, బ్యాటరీ సామర్థ్యం ఒక స్థాయికి పడిపోవడం కూడానా? "మరమ్మతుకు వీలు" అంటే ఎవరు, ఏ పనిముట్లతో చేయగలగాలి? ఈ మూడో ప్రశ్నకు సొంతంగా మాటలు కల్పించుకోనక్కర్లేదు. ఈఎన్ 45554 అనే యూరోపియన్ ప్రమాణం బిగింపులు, పనిముట్లు, పనిచేసే చోటు, చేసేవారి నైపుణ్యం వంటి అంశాలను తరగతులుగా విడదీసింది. మీ షరతును ఆ తరగతులకు ముడిపెడితే "సులభంగా" అన్న మాట మీద వాదన ఉండదు.

నాలుగోది "దుర్వినియోగం". వారంటీలు ఎక్కువగా ఓడిపోయేది ఈ మాట దగ్గరే. గోదాములో స్కానర్ చేజారి సిమెంటు నేల మీద పడటం మామూలు విషయం. "1.5 మీటర్ల ఎత్తు నుంచి కాంక్రీటు నేలపై పడటం సాధారణ వాడకంలో భాగం" అని రాయకపోతే, పగిలిన ప్రతి పరికరమూ దుర్వినియోగం ఖాతాలోకే వెళుతుంది.

4. డిజైన్ అనుబంధం రాయండి

పరికరం ఎలా తయారవ్వాలో చెబుతూ ఒప్పందానికి జతచేసే పత్రమే డిజైన్ అనుబంధం. దీనికి మిగతా అన్నిటికంటే ఎక్కువ సమయం కేటాయించండి. ఒకే విషయాన్ని రెండు రకాలుగా రాసి చూద్దాం.

బలహీనమైన రూపం: "బ్యాటరీ మార్చుకోవడానికి అనువుగా ఉండవలెను."

బలమైన రూపం: "తయారీదారు శిక్షణ పొందని టెక్నీషియన్ ఒకరు, మార్కెట్లో దొరికే స్క్రూడ్రైవర్‌తో, వేడి గానీ ద్రావకం గానీ వాడకుండా, 10 నిమిషాల్లోపు బ్యాటరీని తీసి కొత్తది అమర్చగలగాలి. ఆ తర్వాత పరికరం ఏ హెచ్చరికా చూపకుండా అన్ని పనులూ చేయాలి. తీసిన స్క్రూలే తిరిగి బిగించడానికి పనికిరావాలి. నీటి నిరోధక సీలు దెబ్బతింటే కొత్త సీలును బ్యాటరీతో పాటే సరఫరా చేయాలి."

రెండో రూపంలోని ప్రతి వాక్యమూ ఒక తప్పించుకునే దారిని మూసేస్తుంది. వేడి, ద్రావకం అన్న మాటలు జిగురును అడ్డుకుంటాయి. "హెచ్చరికా చూపకుండా" అన్నది, విడిభాగాన్ని సాఫ్ట్‌వేర్ తాళంతో ఒకే పరికరానికి ముడిపెట్టే అలవాటును అడ్డుకుంటుంది. సీలు గురించిన వాక్యం చిన్నదిగా కనిపించినా, అది లేకపోతే మొదటి మరమ్మతుతోనే పరికరంలోకి తేమ చేరుతుంది.

మీ జాబితాలో పైన ఉన్న నాలుగైదు భాగాలకే ఇంత వివరంగా రాయండి. అన్ని భాగాలకూ రాస్తే ధర పెరుగుతుంది, తనిఖీ చేసే ఓపిక మీకూ మిగలదు. మిగతా వాటికి క్లుప్తమైన సాధారణ షరతులు చాలు:

- ఉపయోగించిన పదార్థాల జాబితా, బరువులతో సహా ఇవ్వాలి.
- ప్లాస్టిక్ భాగాల మీద పదార్థం గుర్తు ముద్రించాలి.
- తరువాతి మోడల్‌లో కూడా బ్యాటరీ, చార్జర్, క్రేడిల్ (స్కానర్‌ను నిలిపి చార్జ్ చేసే స్టాండు) ఇవే పనికిరావాలి, కుదరకపోతే ముందుగా రాతపూర్వకంగా తెలపాలి.

మూడో షరతును చాలామంది మరిచిపోతారు. మోడల్ మారినప్పుడల్లా బాగున్న చార్జర్లు కూడా గుట్టగా పోగుపడటానికి కారణం అదే.

5. డబ్బును మన్నికకు ముడిపెట్టండి

ముందుగా బేరం బల్ల మీద పెట్టడానికి ఒక లెక్క సిద్ధం చేసుకోండి. పరికరం ధర 100 యూనిట్లు, ఆయుష్షు నాలుగేళ్లు అయితే ఏడాదికి 25 పడుతుంది. ధర 130 అయినా, మధ్యలో రెండుసార్లు 10 చొప్పున మరమ్మతుకు పెట్టినా, ఎనిమిదేళ్లు పనిచేస్తే మొత్తం 150, ఏడాదికి 18.75 మాత్రమే. ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలు, మీ రిజిస్టరులోని అంకెలు వేసి చూసుకోండి. ఎనిమిదేళ్ల పాటు సాఫ్ట్‌వేర్ మద్దతు ఉంటేనే ఈ లెక్క నిలుస్తుందన్నది మరవకండి.

ఆ తర్వాత కింది మూడింటిలో మీకు తగినది ఎంచుకోండి.

ఆలస్య చెల్లింపు. డెలివరీ రోజున 90 శాతం ఇచ్చి, మూడో ఏడాది చివర 5, ఐదో ఏడాది చివర 5 శాతం, విడిభాగాల హామీ నెరవేరితేనే చెల్లించడం. చిన్న సరఫరాదారుకు ఇది నగదు కష్టం తెస్తుంది. అలాంటప్పుడు అదే మొత్తానికి బ్యాంకు గ్యారంటీ తీసుకోవడం న్యాయం.

వైఫల్యాల పరిమితి. 500 స్కానర్లకు ఏడాదికి 4 శాతం, అంటే 20 వైఫల్యాలు, పరిమితిగా పెట్టుకున్నారనుకుందాం. ఆ ఏడాది 35 పాడైతే, పరిమితి దాటిన 15 పరికరాలను ఉచితంగా బాగుచేయడంతో పాటు ఒక్కో దానికి ముందే ఒప్పుకున్న మొత్తాన్ని సరఫరాదారు మీ ఖాతాకు జమ చేస్తారు. వైఫల్యాలు 10 కంటే తగ్గితే మీరు బోనస్ ఇస్తారు. బోనస్ లేకుండా జరిమానా మాత్రమే పెడితే, సరఫరాదారు ఆ జరిమానాను ధరలో కలిపేసి డిజైన్‌ను అలాగే ఉంచుతారు.

ముందే తేల్చిన తిరిగి కొనుగోలు ధర. ఐదో ఏడాది చివర పనిచేసే స్థితిలో ఉన్న పరికరాన్ని ఫలానా ధరకు కొంటామని సరఫరాదారు ఒప్పుకుంటే, ఐదేళ్ల తర్వాత దాని విలువ నిలబెట్టే బాధ్యత తయారీ బల్ల దాకా చేరుతుంది.

6. విడిభాగాలు, సమాచారం, సాఫ్ట్‌వేర్

ఒకసారి మేము "పదేళ్ల పాటు విడిభాగాలు అందుబాటులో ఉండవలెను" అని రాసుకుని తృప్తిపడ్డాం. నాలుగో ఏట ఒక బోర్డు కావలసి వచ్చింది. భాగం ఉంది, మాట తప్పలేదు. కానీ కొత్త పరికరానికి, ఆ బోర్డుకు మధ్య ధరలో తేడా ఎంత తక్కువగా ఉందంటే, కొటేషన్ చూసిన వారెవరూ మరమ్మతు ఊసెత్తలేదు. అప్పటి నుంచి విడిభాగం గురించి రాసేటప్పుడు నాలుగు విషయాలూ ఒకే క్లాజులో పెడుతున్నాను: ఎన్నేళ్లు, ఎంత ధరకు, ఎన్ని రోజుల్లో, ఎవరికి.

- ఎన్నేళ్లు: సంతకం తేదీ నుంచి కాదు, చివరి పరికరం డెలివరీ అయిన తేదీ నుంచి లెక్కించాలి.
- ఎంత ధరకు: ప్రధాన భాగాల ధరల పట్టికను జతచేసి, ఏటా పెంపు ఏ ధరల సూచీకి లోబడాలో రాయాలి.
- ఎన్ని రోజుల్లో: పనిదినాల్లో చెప్పాలి.
- ఎవరికి: మీకు, మీరు నియమించుకునే స్వతంత్ర రిపేరు సంస్థలకు కూడా.

"ఇన్నేళ్లు ఎవరూ ఇవ్వరు" అన్న వాదన వస్తే చట్టంలో ఉన్నదాన్ని చూపించండి. యూరోపియన్ యూనియన్‌లో 2021 మార్చి నుంచి వాషింగ్ మెషీన్ల ముఖ్య భాగాలను ఆ మోడల్ అమ్మకం ఆగిన తర్వాత కనీసం పదేళ్లు అందుబాటులో ఉంచాలి, ఆర్డరు చేసిన 15 పనిదినాల్లోపు అందించాలి. 2025 జూన్ 20 నుంచి స్మార్ట్‌ఫోన్లకు విడిభాగాలు ఏడేళ్లు, ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు కనీసం ఐదేళ్లు ఇవ్వాలి. ఇవి కూడా అమ్మకం ఆగిన నాటి నుంచే మొదలవుతాయి.

సమాచారం అంటే సర్వీసు మాన్యువల్, విప్పే క్రమం, ఎర్రర్ కోడ్‌లు, సర్క్యూట్ చిత్రాలు. సాఫ్ట్‌వేర్ విషయంలో భద్రతా అప్‌డేట్ల కాలాన్ని హార్డ్‌వేర్ ఆయుష్షుకు తక్కువ కాకుండా పెట్టండి. ఒక భాగం తయారీ ఆపేయబోతుంటే కనీసం పన్నెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలని, చివరిసారి నిల్వకు కొనుక్కునే అవకాశం మీకుండాలని రాయండి.

7. పాత నమూనాలోని అడ్డంకులను కొట్టేయండి

కొత్త క్లాజులు చేర్చి, పాతవాటిని ముట్టుకోకపోవడం పెద్ద పొరపాటు. ప్రతి సంస్థ దగ్గరా ఏళ్ల తరబడి నకలు చేసుకుంటూ వచ్చిన నమూనా ఒకటుంటుంది. అందులో కింది వాక్యాల కోసం వెతకండి.

"సరఫరా చేసే అన్ని భాగాలు కొత్తవి, వాడనివి అయి ఉండవలెను." ఇది ఉన్నంత వరకు పునరుద్ధరించిన భాగాన్ని వాడితే సరఫరాదారు ఒప్పందాన్ని ఉల్లంఘించినట్టే. దీని స్థానంలో "కొత్త భాగానికి ఉన్న పరీక్షలు, వారంటీ పునరుద్ధరించిన భాగానికీ ఉంటే దాన్ని సమానంగా అంగీకరిస్తాము" అని రాయండి.

"అనుమతి లేకుండా తెరిస్తే వారంటీ చెల్లదు." మరమ్మతుకు ఇదే మొదటి తాళం. తెరిచినందువల్లే నష్టం జరిగిందని సరఫరాదారు చూపగలిగితేనే వారంటీ పోతుందని మార్చండి.

"సాఫ్ట్‌వేర్ లైసెన్సు బదిలీ చేయరాదు." పరికరం రెండో చేతికి వెళ్లే దారిని ఈ ఒక్క వాక్యం మూసేస్తుంది. లైసెన్సు పరికరంతో పాటే వెళ్లాలి.

"ముందస్తు సమాచారం లేకుండా డిజైన్ మార్చే హక్కు సరఫరాదారుకు కలదు." నాలుగో మెట్టులో పడ్డ శ్రమంతా దీనితో వృథా అవుతుంది. డిజైన్ అనుబంధంలోని అంశాలకు ఇది వర్తించదని మినహాయింపు పెట్టండి.

8. వెనక్కి తీసుకునే క్రమాన్ని రాయండి

"పనికాలం ముగిశాక వెనక్కి తీసుకుంటారు" అన్నది సరిపోదు. సేకరించేది ఎవరు, రవాణా ఖర్చు ఎవరిది, యాజమాన్యం ఏ గడపలో మారుతుంది, పరికరంలోని డేటాను ఎవరు తుడిచి ధ్రువపత్రం ఇస్తారు అన్నవి ఒక్కొక్కటిగా తేల్చండి.

వెనక్కి వెళ్లిన దానితో ఏం చేయాలో వరుస కూడా ఉండాలి: ముందు మళ్లీ వాడకం, కుదరకపోతే పునరుద్ధరణ, అదీ కుదరకపోతే పనికొచ్చే భాగాలను వేరుచేయడం, చివరగా రీసైక్లింగ్. వరుస రాయకపోతే ఖర్చు తక్కువైన మెట్టుకే, అంటే ముక్కలు చేసే యంత్రానికే, అన్నీ చేరతాయి. ఏ మెట్టుకు ఎన్ని వెళ్లాయో ఏటా లెక్క ఇవ్వాలని షరతు పెట్టండి.

9. ఒప్పందం ముగిసినా నిలిచే బాధ్యతలు

సరఫరా ఒప్పందం మూడేళ్లకు ముగుస్తుంది, విడిభాగాల హామీ ఎనిమిదేళ్లది. ఏయే క్లాజులు ముగింపు తర్వాత కూడా నిలుస్తాయో పేరుపేరునా రాయకపోతే ఆ హామీ మూడేళ్లకే పోయిందని వాదించే అవకాశం ఉంటుంది.

మీ సరఫరాదారు తయారీదారు కాకపోతే, ఇవే బాధ్యతలను పైనున్న తయారీదారుతోనూ రాయించుకోవాలని షరతు పెట్టి, ఆ పత్రం నకలు అడగండి. సరఫరాదారు మూతపడే సందర్భం కోసం డ్రాయింగులు, ఫర్మ్‌వేర్ (పరికరాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) మూడో పక్షం దగ్గర భద్రంగా ఉండాలి. అవసరమైనప్పుడు మరమ్మతు పనికి మాత్రమే మీకు విడుదల కావాలి. లీజు అయితే మరో చిక్కు ఉంది. యాజమాన్యం మూతపడిన సంస్థదే కనుక పరికరాలను అప్పులవారు పట్టుకుపోకుండా, వాడకం కొనసాగించే హక్కు ఆ దేశ దివాలా చట్టం ప్రకారం ఎంతవరకు నిలుస్తుందో న్యాయవాదిని అడగండి.

10. అంగీకార పరీక్ష

నమూనా పరికరం వచ్చిన రోజున సరఫరాదారు ప్రతినిధి ఎదుటే మీ టెక్నీషియన్ చేతికి ఇవ్వండి. బల్ల మీద ఒక స్క్రూడ్రైవర్, సర్వీసు మాన్యువల్, స్టాప్‌వాచ్ ఉంటే చాలు. బ్యాటరీ తీసి, పెట్టి, పరికరం ఆన్ చేసి, పది స్కాన్‌లు చేయించండి. పట్టిన సమయం, విరిగిన క్లిప్‌లు, వచ్చిన హెచ్చరికలు రాసుకుని ఇద్దరూ సంతకం చేయండి. ప్రతినిధి "ఇలా ఇవ్వండి, నేను చూపిస్తాను" అని చేయి చాచితే ఆపండి, పరీక్ష మాన్యువల్‌కు కూడా.

ఇదే పరీక్షను ఏటా ఒకసారి, తాజా విడత నుంచి తీసిన పరికరం మీద చేయండి. నమూనాలో స్క్రూలుండి, రెండో విడతకల్లా జిగురు వచ్చే సందర్భాలుంటాయి.

11. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

- వారంటీ పెంచితే చాలనుకోవడం. వారంటీ కింద పాత పరికరాన్ని పారేసి కొత్తది ఇచ్చినా షరతు నెరవేరినట్టే. "ముందు మరమ్మతు, సాధ్యం కాకపోతేనే మార్పిడి" అని రాయండి.
- రీసైకిల్ చేసిన పదార్థం శాతాన్నే లక్ష్యంగా పెట్టడం. ఆ శాతం పెంచడానికి బలం తగ్గిన ప్లాస్టిక్ వాడితే ఆయుష్షు పడిపోతుంది. పరికరాన్ని ఎత్తు నుంచి పడేసి చూసే పరీక్షను కూడా జతచేయండి.
- టెండరులో మార్కులు లేకపోవడం. మన్నికకు మార్కులు ఇవ్వకుండా తక్కువ ధరకే ఎంపిక చేసి, తర్వాత షరతులు పెట్టబోతే సరఫరాదారు ఒప్పుకోరు. టెండరు పత్రంలోనే డిజైన్ అనుబంధం ఉండాలి.
- మీ వైపు బాధ్యత మరవడం. శుభ్రపరచడం, చార్జింగ్ పద్ధతి, వాడకం లెక్కలు మీరు పాటించకపోతే వైఫల్యాల పరిమితి క్లాజు మీకే ఎదురు తిరుగుతుంది.

12. సంతకానికి ముందు చూసుకోవలసినవి

- పాత వైఫల్యాల జాబితాలో మొదటి నాలుగు భాగాలకు కొలతలతో షరతు ఉందా?
- "దుర్వినియోగం" అన్న మాటకు హద్దు గీశారా?
- విడిభాగానికి ఏళ్లు, ధర, గడువు, అర్హులు నాలుగూ ఉన్నాయా?
- సాఫ్ట్‌వేర్ మద్దతు హార్డ్‌వేర్ ఆయుష్షుతో సమానంగా ఉందా?
- "కొత్తవి, వాడనివి" అన్న వాక్యాన్ని కొట్టేశారా? షెడ్యూళ్లలో, కొనుగోలు ఆర్డరు వెనుక పేజీలో కూడా వెతకండి, అక్కడ మిగిలిపోవడం మామూలే.
- పత్రాల మధ్య తేడా వస్తే ఏ పత్రంలోని షరతుది పైచేయి అన్నది రాశారా?
- జరిమానాతో పాటు బోనస్ ఉందా?
- అంగీకార పరీక్ష చేసే టెక్నీషియన్ అనుబంధాన్ని చదివి, "ఇది నేను చేయగలను" అన్నారా?